ఖాళీ లిఫ్టు పైకే పోతుంది

ఫిబ్రవరి 2

పార్టీ మనిషి ఇవాళ మళ్ళీ వచ్చాడు. నెల తిరక్కుండా ఇది మూడోసారి. అతని పేరు ఇక్కడ రాయను. మెత్తనయ్య అని పెట్టుకున్నాను. నోట్లో వేలు పెట్టినా కొరకడన్నట్టు ఉంటాడు. కుర్చీ చప్పుడు కాకుండా జరుపుకుంటాడు, కప్పు చప్పుడు కాకుండా కింద పెడతాడు.

వాణిజ్య మండలి అధ్యక్షురాలిగా రెండేళ్ళు చేశాను కదా, ఇక రాష్ట్ర శాసనసభకు నిలబడితే బాగుంటుందని పెద్దలు అనుకుంటున్నారట.

"నిలబడండి అని నేననను మేడమ్. నిలబడితే ఎలా ఉంటుందో ఒక్కసారి ఊహించుకోండి అంటాను, అంతే."

అప్పటికే ఊహించుకుని ఉన్నాను. అతనికి చెప్పలేదు.

వాళ్ళకు నాలో నచ్చింది ఒక్కటే. ఈ నగరంలో సగం మేడలకు లిఫ్టులు పెట్టింది మా కంపెనీ. ఒక్కదానిలోనూ ఎవరికీ చిన్న దెబ్బ తగల్లేదు. పోస్టరు మీద ఆ మాటే వేస్తారట. "ఇరవై రెండేళ్ళు. ఒక్క ప్రమాదం లేదు." వినడానికి బాగుంది. నిజానికి ఆ ఘనత అన్నయ్యది. రేకుల షెడ్డులో ఇద్దరం మొదలుపెట్టిన రోజున బేరాలు, ఉత్తరాలు నావి, స్పానర్లు తనవి. నేటికీ అంతే. ప్రతి లిఫ్టూ తను ఎక్కి దిగాకే జనం ఎక్కుతారు.

ఇంకా ఏమీ నిర్ణయించుకోలేదు.

ఫిబ్రవరి 4

ముదురు రంగులు ఫొటోల్లో నప్పవన్నారు. లేతరంగు బట్టలు నాలుగు జతలు కుట్టించాను. ఎలాగూ కుట్టించుకోవాలనుకుంటున్నవే.

ఫిబ్రవరి 9

పొద్దున్నే అన్నయ్య నా గదిలోకి వచ్చాడు. వర్క్‌షాపు బూట్లతో పైకి రావడం తనకు అలవాటు లేదు. నూనెగుడ్డలో చుట్టిన స్ప్రింగు ఒకటి తెచ్చి నా బల్ల మీద, రేపటి ఉపన్యాసం కాగితాల మీదే పెట్టాడు.

"గోటితో తడిమి చూడు," అన్నాడు.

గోరు ఒకచోట తట్టుకుంది. వెంట్రుకంత చీలిక.

"ఎక్కడిది?"

"మామూలు సర్వీసుకని నాలుగు లిఫ్టుల బ్రేకులు విప్పాను. రెండింట్లో ఇలా ఉంది. పోయినేడు వచ్చిన సరుకు. మొత్తం ముప్పై ఎనిమిది లిఫ్టుల్లో పెట్టాం."

పాత తయారీదారు ఆలస్యం చేస్తున్నాడని పోయినేడు కొత్తచోటు నుంచి తెప్పించింది నేనే. వద్దన్నది అన్నయ్య. ఆ సంగతి తను ఎత్తలేదు. ఎత్తకపోవడమే గుచ్చుకుంది.

లిఫ్టు అనగానే జనానికి తాడు తెగి కింద పడుతుందన్న భయం. తాళ్ళు అంత తేలిగ్గా తెగవు. వచ్చి ఆగిన పెట్టెను అక్కడే పట్టి ఉంచేది పైన మోటారు పక్కనుండే బ్రేకు. ఆ బ్రేకును బిగించి ఉంచేది ఈ స్ప్రింగు. ఇది విరిగితే బ్రేకు పట్టు వదిలేస్తుంది. తాడుకు రెండో కొసన వేలాడే ఇనపదిమ్మ ఖాళీ పెట్టె కంటే బరువు. అందుకని పెట్టె కింద పడదు, పైకి లేస్తుంది. తలుపులు తెరిచి ఉన్నా లేస్తుంది. మనిషి ఒక కాలు లోపల, ఒక కాలు బయట పెట్టి ఉన్నా లేస్తుంది.

"అన్నీ ఆపేద్దాం చిట్టీ. పాతాయన కొత్తవి పంపడానికి ఆరు వారాలంటున్నాడు. అప్పటిదాకా మెట్లెక్కమందాం. తప్పు మనదేనని పేపర్లో మనమే వేయిద్దాం. తిడతారు. తిట్టనీ."

"ఆలోచిస్తాను అన్నయ్యా."

"ఇందులో ఆలోచించడానికి ఏముంది?"

నాకు మండలి సమావేశానికి వేళయింది. స్ప్రింగు సొరుగులో పెట్టి తాళం వేశాను.

ఫిబ్రవరి 10

ఏడాదిగా నడుస్తున్నాయి. ఏమీ కాలేదు. నాలుగింట్లో రెండు అంటే అన్నీ అలాగే ఉన్నాయని కాదు.

ఉపన్యాసం బాగా వచ్చింది. చప్పట్లు చాలాసేపు కొట్టారు.

ఫిబ్రవరి 13

మెత్తనయ్యకు చెప్పాను. చెప్పి ఉండకూడదేమో. కానీ రేపు వేరేవాళ్ళ నోట వినడం కంటే నా నోట వింటే నయం కదా.

నేననుకున్నది, అతను కంగారు పడతాడని. పడలేదు. కాస్త ముందుకు వంగి అడిగాడు: "ఈ సంగతి ఎవరెవరికి తెలుసు మేడమ్?"

"మా అన్నయ్యకు. నాకు."

"ఇప్పుడు నాకు," అని నవ్వాడు. "ఆపొద్దని నేననను. మనుషుల ప్రాణాలు. ఎప్పుడు ఆపాలి అన్నదే ఆలోచించాలి. వచ్చే నెలాఖరుకు నామినేషన్లు. ఆ తర్వాత మూడు వారాలకు పోలింగు. మర్నాడు మీరే స్వయంగా ఆపించండి. అప్పుడది బాధ్యత అవుతుంది. ఇప్పుడు ఆపితే ఒప్పుకోలు అవుతుంది."

మాట కాదనడానికి లేదు.

వెళ్తూ వెళ్తూ, ఆ స్ప్రింగు ఎక్కడుందని అడిగాడు. సొరుగులో ఉందన్నాను. చూస్తానన్నాడు. చూసి జేబులో వేసుకున్నాడు. ఎవరో ఇంజినీరుకు చూపించి తెస్తాడట.

ఫిబ్రవరి 14

అన్నయ్యతో మాట్లాడాను. కొత్త స్ప్రింగులకు ఆర్డరు పెట్టేశానని ముందు చెప్పాను. పెట్టాను కూడా. వచ్చిన వెంటనే ఒక్కొక్కటే గుట్టుగా మార్చేద్దామన్నాను.

"వచ్చేదాకా?"

"నడవనీ."

అన్నయ్య చాలాసేపు నా మొహం చూస్తూ కూచున్నాడు. చిన్నప్పుడు నేను అబద్ధం చెప్తే ఇలాగే చూసేవాడు. కొట్టేవాడు కాదు, అమ్మకు చెప్పేవాడూ కాదు. నేనే ఒప్పుకునేదాకా అలా చూసేవాడు.

ఈసారి నేను ఒప్పుకోలేదు. ఒప్పుకోవడానికి అబద్ధమేమీ ఆడలేదు కదా.

ఫిబ్రవరి 18

మావారు పళ్ళ డాక్టరు. ఊరందరి నోళ్ళూ తెరిపిస్తాడు, ఇంట్లో తన నోరు మాత్రం తెరవడు. ఇవాళ కాఫీ తాగుతూ అడిగాడు.

"నిలబడుతున్నావా?"

"ఇంకా ఏమీ నిర్ణయించుకోలేదు."

"మన వీధి మలుపులో గోడ మీద నీ బొమ్మ వేస్తున్నారు. ముక్కు సరిగ్గా రాలేదు."

ఫిబ్రవరి 23

అన్నయ్య ఏడు లిఫ్టులు ఆపేశాడు. ఎవరికీ చెప్పలేదు. ఆదివారం తెల్లారగానే స్కూటరు మీద ఒక్కో మేడకూ వెళ్ళి, పైన మోటారు గదిలో ఫ్యూజులు పీకి జేబులో వేసుకుని, కింద తలుపుకు అట్టముక్క కట్టి వచ్చాడు. "నడవదు" అని తన వంకర అక్షరాలతో. లాగ్‌బుక్కుల్లో తారీఖు వేసి సంతకం కూడా పెట్టాడు. దాచుకోవడం తనకు రాదు.

నాకు ఈ సంగతి మెత్తనయ్య ఫోను చేస్తే తెలిసింది. నా కంపెనీలో జరిగింది నాకంటే ముందు అతనికెలా తెలిసిందో అడగలేదు.

ఒక మేడలో ఐదో అంతస్తు పెద్దాయనను నలుగురు కుర్చీలో కూచోబెట్టి మోసి దింపారట. ఎవరో ఫొటో తీశారు. మధ్యాహ్నానికి అందరి ఫోన్లలోనూ అదే. కింద నా కంపెనీ పేరు.

"ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు మేడమ్," అన్నాడు మెత్తనయ్య. 

ఫిబ్రవరి 24

ఇది రాయాలని లేదు. రాయకపోతే రేపు ఇంకోలా గుర్తుంచుకుంటాను.

అన్నయ్యను పైకి పిలిపించాను. వచ్చి నిలబడ్డాడు. కూచోమంటే కూచోలేదు.

"ఫ్యూజులు ఇచ్చెయ్."

"ఇవ్వను."

"అన్నయ్యా, ఇది నా కంపెనీ." నోరు జారింది. మన కంపెనీ అనాలి. ఇరవై రెండేళ్ళుగా అలాగే అంటూ వచ్చాను.

తను జేబులోంచి ఫ్యూజులు తీసి బల్ల మీద ఒక్కొక్కటే పెట్టాడు. తర్వాత నడుముకున్న తాళాల గుత్తి విప్పాడు. అన్ని మేడల మోటారు గదులకూ తాళాలు అందులోనే ఉంటాయి. నేను తాళాలు అడగలేదు. అడగాలనుకున్నాను కానీ ఇంకా అడగలేదు.

"కొన్నాళ్ళు విశ్రాంతి తీసుకో," అన్నాను.

"నాకెందుకమ్మా విశ్రాంతి? నేను బాగానే ఉన్నాను." తలుపు దాకా వెళ్ళి ఆగాడు. "ఆ పెద్దాయన ఫొటో చూశాను. తిట్టుకుంటూ దిగాడు, కానీ దిగాడు. అది చూసుకో."

కిటికీలోంచి చూశాను. స్కూటరు మూడుసార్లు తన్నితేగాని అంటుకోలేదు.

ఫిబ్రవరి 25

లిఫ్టులు మళ్ళీ వేయమని అన్నయ్య చోట పెట్టిన కొత్త మేనేజరుకు మెమో ఇచ్చాను. అతను తెలివైనవాడు. రాతపూర్వకంగా ఇస్తేనే చేస్తానన్నాడు. ఇచ్చాను. అతను ఆఫీసు ప్రతిలో మాత్రం సంతకం పెట్టి, లాగ్‌బుక్కుల్లో పెట్టకుండా తప్పించుకున్నాడు. చూసీచూడనట్టు ఊరుకున్నాను.

ఏడూ నడుస్తున్నాయి.

మార్చి 1

టికెట్టు నాకే. పత్రికల్లో ఇంకా రాలేదు. వదిన నుంచి ఫోను వస్తుందనుకున్నాను. రాలేదు. వాళ్ళకింకా తెలిసి ఉండదు.

మార్చి 5

పోస్టర్లు వచ్చాయి. "ఇరవై రెండేళ్ళు. ఒక్క ప్రమాదం లేదు." నా మొహం పెద్దగా, వెనక లిఫ్టు తలుపులు సగం తెరిచి. ఎవరి ఆలోచనో. బాగానే ఉంది. రెండోసారి చూడలేదు.

మార్చి 8

వారం రోజులుగా ఎక్కడికెళ్ళినా మెట్లెక్కుతున్నాను. డాక్టరు నడవమని ఎప్పటినుంచో చెబుతున్నాడు.

మార్చి 11

పదిన్నరకు ఫోను.

పెట్టె పైకి లేచింది.

మార్చి 12

నిన్న చెయ్యి ఆడలేదు.

నాలుగంతస్తుల మేడ. కింద దుకాణాలు, పైన అద్దె గదులు. అన్నయ్య ఆపిన ఏడింట్లో ఒకటి. పై అంతస్తులో కుట్టుపని నేర్పే ఆవిడ, రెండు చేతుల్లో గుడ్డల సంచులతో వచ్చింది. లిఫ్టు వచ్చి ఆగింది, తలుపు తెరుచుకుంది. సంచులు ముందు లోపల పెడదామని వంగింది. అప్పుడు లేచింది. ఆవిడ బతికే ఉంది. ఆసుపత్రిలో.

నేను అక్కడికి చేరేసరికే మెత్తనయ్య ఉన్నాడు. మోటారు గదిలోంచి దిగి వస్తున్నాడు, చేతిలో లాగ్‌బుక్కు.

"ఇందులో ఆఖరి సంతకం మీ అన్నగారిది మేడమ్. ఫిబ్రవరి ఇరవై మూడు. ఆ తర్వాత ఎవరూ దీన్ని ముట్టుకున్నట్టు లేదు."

"ఆపింది అన్నయ్య. వేయించింది నేను."

"మెమో ఇచ్చారన్నారు కదా. అదెక్కడుంది?"

ఆఫీసులో ఉందన్నాను. కారులో ఇద్దరం వెళ్ళాం. ఫైలులోంచి తీసి ఇచ్చాను. చదవడానికే ఇచ్చాను. చదివి నాలుగు మడతలు పెట్టాడు.

సాయంత్రం నాలుగింటికి పోలీసులు అన్నయ్యను ఇంటి దగ్గర తీసుకెళ్ళారు. ఉద్యోగంలోంచి పంపేశారన్న కక్షతో బ్రేకు పాడుచేశాడట. ఎవరు చెప్పారో నాకు తెలియదు. నేను చెప్పలేదు. నేనసలు ఏమీ చెప్పలేదు.

మార్చి 13

నా పేరుతో పత్రికల్లో ప్రకటన వచ్చింది. "సొంత అన్నయినా సరే, చట్టం ముందు అందరూ సమానులే." రాసింది మెత్తనయ్య. చదివి సరేనన్నది నేను. ఒక కామా మార్చాను.

మార్చి 14

కుట్టుపని ఆవిడ తెల్లవారుజామున పోయింది.

మార్చి 15

జనంలో నా మీద గౌరవం పెరిగిందట. సర్వే చేయించారు. రక్తసంబంధం కూడా చూడలేదు, నిప్పులాంటి మనిషి అంటున్నారట.

మధ్యాహ్నం వదిన వచ్చింది. ముందుగదిలో పార్టీవాళ్ళు పదిమంది ఉన్నారు. వాళ్ళ మధ్యలోంచి నడిచి, చెప్పులు వదలకుండా నేరుగా వంటింట్లోకి వచ్చింది. ఎప్పుడూ అలా రాదు.

"ఆయనకు బీపీ మాత్రలు అందడం లేదు. బయటివి లోపలికి ఇవ్వనివ్వరట. నువ్వు చెప్తే ఇస్తారు."

"చెప్తాను వదినా."

"నేను ఇంకేం అడగను. ఆయన అడగొద్దన్నారు." స్టవ్ మీద పాలు పొంగుతుంటే తనే వెళ్ళి కట్టేసింది. అప్పుడు నా వైపు తిరగకుండానే అంది: "చిన్నప్పుడు నీకు జ్వరమొస్తే నాన్నగారు ఊళ్ళో లేరు. ఆరు మైళ్ళు ఈయనే వీపున వేసుకుని ఆసుపత్రికి తెచ్చారట నిన్ను. పెళ్ళయిన కొత్తలో నాకు నువ్వే చెప్పావు. నిజమేనా అది?"

"నిజమే."

"ఊరికే అడిగాను," అని వెళ్ళిపోయింది.

మాత్రల సంగతి మెత్తనయ్యకు చెప్పాను. కనుక్కుంటానన్నాడు.

మార్చి 17

మావారు ఇవాళ మూడు వాక్యాలు మాట్లాడాడు. నెలకు సరిపడా.

"ఇంకా ఏమీ నిర్ణయించుకోలేదని రోజూ అంటున్నావు. మరి ఇవన్నీ ఎవరు నిర్ణయిస్తున్నారు? నేను రేపు మా చెల్లెలి ఇంటికి వెళ్తున్నాను."

ఎన్నాళ్ళకని అడగలేదు. పళ్ళు పీకే సామాన్ల పెట్టె కూడా సర్దుకున్నాడు.

మార్చి 19

అన్నయ్యను చూడటానికి వెళ్ళాను. పొద్దున్నే, పత్రికలవాళ్ళు లేవకముందు.

ఇనపజాలీకి అవతల బల్ల మీద కూచున్నాడు. గడ్డం తెల్లగా పెరిగింది. తనకు ఇంత తెల్లగడ్డం ఉందని నాకు తెలియదు. చేతుల్లో ఎప్పుడూ ఉండే నూనె నలుపు పోయి, ఎవరి చేతులో పెట్టుకున్నట్టు ఉంది.

మాత్రలు అందాయా అని అడిగాను. లేదన్నాడు. ఏదో ఒకటి మాట్లాడాలని, మంచి లాయరును పెడతానన్నాను.

"నా సంగతి వదిలెయ్ చిట్టీ. మిగతావి ఆపావా?"

జాలీ మీది తుప్పును గోటితో గీకాను.

"ముప్పై ఏడున్నాయి. ఆపావా?"

"ఆపితే..." అన్నాను. ఆగాను.

ఆపితే తప్పు స్ప్రింగుదని తేలుతుంది. స్ప్రింగుదైతే అన్నయ్యది కాదు. అన్నయ్యది కాకపోతే నాది. ఇదంతా నాకు ముందే తెలుసు. మెత్తనయ్య మొన్ననే మెత్తగా చెప్పాడు. కానీ అన్నయ్య కూడా ఇదంతా ఎప్పుడో ఆలోచించుకుని ఉన్నాడు, నా వైపు చూసిన చూపులో తెలిసింది.

"నేను నోరు విప్పను. విప్పితే నా మాట ఎవరూ నమ్మరు. నీ మీద కక్షతో అంటున్నాననుకుంటారు. చెప్పాల్సింది నువ్వు. నన్ను విడిపించడానికి కాదు. నేనిక్కడ ఉంటాను, ఏం ఫరవాలేదు. వాటిని మాత్రం ఆపు."

"పోలింగు మర్నాడే ఆపిస్తాను అన్నయ్యా. ఒట్టు."

తను నన్ను అదే చూపు చూశాడు. నేను గడియారం చూసుకున్నాను.

మార్చి 20

కొత్త స్ప్రింగులు వచ్చాయి. ఆరు పెట్టెలు. మేనేజరు ఎక్కడ దించాలని అడిగాడు. గోడౌనులో వెనక్కి పెట్టమన్నాను. ఇప్పుడు మార్చడం మొదలుపెడితే ఎందుకు మారుస్తున్నారని అడుగుతారు.

మార్చి 21

కుట్టుపని ఆవిడ ఇంటికి వెళ్ళి పరామర్శించమన్నారు. కెమెరాలు వద్దన్నాను. ఒకటే వచ్చింది. ఆవిడ తల్లి నా రెండు చేతులూ పట్టుకుని, "మీ అన్న అని కూడా చూడలేదమ్మా, మా పక్షాన నిలబడ్డావు," అంది. చేతులు వెనక్కి తీసుకుందామనుకున్నాను. గట్టిగా పట్టుకుంది.

మార్చి 23

ఏమీ లేదు. బాగానే నిద్రపోయాను.

మార్చి 26

నామినేషన్లకు ఆఖరి రోజు.

ఎన్నికల అధికారి ఆఫీసు మూడో అంతస్తులో. ఆ మేడ లిఫ్టు మాదే. ముప్పై ఏడింట్లో ఒకటి. అక్కడికి వెళ్ళేదాకా నాకు ఆ సంగతి తట్టలేదు. తట్టి ఉంటే ఏం చేసేదాన్నో తెలియదు.

కెమెరాలవాళ్ళు ముందే చేరారు. "మేడమ్, మీ లిఫ్టులో మీరు ఎక్కుతున్నట్టు ఒకటి," అన్నారు. తలుపు తెరుచుకుంది. మెత్తనయ్య వైపు చూశాను.

"మీరు పదండి మేడమ్. నేను మెట్లెక్కి వస్తాను. మోకాళ్ళకు మంచిదట," అన్నాడు. కళ్ళు మాత్రం నేల మీద ఉన్నాయి.

ఎక్కాను. రెండు కాళ్ళూ ఒకేసారి లోపల పడేలా ఎక్కాను, గెంతినట్టు. వాళ్ళు అది హుషారు అనుకున్నారు. మూడో అంతస్తు వచ్చింది. దిగాను. ఏమీ కాలేదు.

ప్రమాణపత్రంలో ఒక గడి ఉంది. అభ్యర్థిపై పెండింగులో ఉన్న కేసులు. అధికారి పెన్ను ఇచ్చాడు. "లేవు" అని రాశాను. అది నిజమే. నా మీద లేవు. అన్నయ్య బెయిలు విచారణ కూడా ఇవాళే, కోర్టులో అదే సమయానికి. ఏమైందో ఇంకా కనుక్కోలేదు.

తిరిగి వచ్చేటప్పుడు మెట్లు దిగాను. జనం వెనక ఉండిపోయారు, కాసేపు ఒక్కదాన్నే ఉన్నాను. కింద లిఫ్టు ముందు ఒకామె నిలబడి ఉంది. చంకలో ఫైలు, చెయ్యి పట్టుకుని నాలుగైదేళ్ళ పాప. బటను నొక్కి చూస్తోంది. నేను ఎవరో తెలిసినట్టు లేదు.

"ఇది పనిచేస్తుందా అండీ?" అని అడిగింది.

పైనుంచి పెట్టె వస్తున్న చప్పుడు వినపడుతోంది. మెట్ల మీద మెత్తనయ్య అడుగుల చప్పుడు వినపడలేదు కానీ, అతను నా వెనకే ఉన్నాడని తెలుసు.

"పనిచేస్తుందమ్మా," అన్నాను.

తలుపు తెరుచుకోకముందే బయటికి వచ్చేశాను.